పద్దెనిమిది వందల పది కిలోల నిజం

నిజాయితీ ఎక్కడ ఉంటుందన్న సంగతి మీద పెద్దలు వేల ఏళ్లుగా తర్జనభర్జనలు పడ్డారు. రాష్ట్ర తూకయంత్ర అంతరంగ శుద్ధి మండలి ఆ చర్చను ముప్పై ఒక్క పేజీల ఉత్తర్వుతో ముగించింది. నిజాయితీ కెర్నెల్‌లో ఉంటుంది. అంటే కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నింటికన్నా లోపలి గదిలో. కాబట్టి లారీలను తూచే ప్రతి ధర్మకాంటా యజమానీ తన కంప్యూటరు కెర్నెల్ లోపల ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ భాషను నడపవలెను. జనవరి ముప్పై ఒకటి నాటికి ధ్రువపత్రం లేని కాంటాకు తొంభై రోజుల పాటు సీలు వేయబడును. (కాంటా యజమాని అంతరంగం గురించి ఉత్తర్వులో ప్రస్తావన లేదు. అది వేరే మండలి పరిధి కావచ్చు.)

మండలికి ఈ ఆలోచన ఎలా వచ్చిందన్నది రహస్యమేమీ కాదు. మండలి అధ్యక్షుడు ఒక సదస్సుకు వెళ్లారు. అక్కడ మధ్యాహ్న భోజనం నలభై నిమిషాలు ఆలస్యమైంది. అందువల్ల ఆయన ఒక ఉపన్యాసాన్ని చివరిదాకా వినవలసి వచ్చింది.

ఉత్తర్వు ఆగస్టులో తాండూరు చేరింది. జహంగీర్ దాన్ని రెండుసార్లు చదివి, అర్థమైన ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశాడు. అది సీలు సంగతి చెప్పే వాక్యం. ఆయన కాంటా బండల పాలిషింగ్ యూనిట్లకూ మార్కెట్ యార్డుకూ నడుమ ఉంది. ఏడాది పొడుగునా నాపరాళ్ల లారీలు వస్తాయి. జనవరి చివర నుంచి మూడు నెలలు కందుల లారీలు వస్తాయి. బండలతో కాంటా నడుస్తుంది, కందులతో బతుకుతుంది. మండలి ఎంచుకున్న ఆ తొంభై రోజులు సరిగ్గా కందుల రోజులే. (మండలిలో ఎవరికీ కంది పంటకాలం తెలియదు. తెలిసి చేసినా ఇంత కచ్చితంగా కుదిరేది కాదు.)

ఈ ఉత్తర్వు చూసి సంతోషపడిన మనిషి జిల్లా మొత్తంలో ఒక్కతే ఉంది. ఆమె జహంగీర్ కూతురు సిద్రా. ఇంజనీరింగ్ చదివి, ఇంట్లో కూర్చునే హైదరాబాదు కంపెనీకి పని చేస్తుంది. తీరిక దొరికితే ఇదే పని, కెర్నెల్ లోపల ఫంక్షనల్ భాష నడపడం, సరదాకి చేస్తూ రెండేళ్లు గడిపింది. లోకంలో ఎవరికీ అక్కర్లేని సరుకు తన గోదాములో ఉందనుకున్న పిల్లకు, ప్రభుత్వమే వచ్చి అదే సరుకు అడిగినట్టయింది.

వాళ్లింట్లో మాటలు దక్కనీలో, లెక్కలు తెలుగులో నడుస్తాయి. ఇది లెక్కల సంగతి కాబట్టి, తండ్రిని పిలిచే 'అబ్బా' తప్ప మిగతాదంతా కాంటా గదిలో తెలుగులోనే మాట్లాడుకున్నారు.

"కంప్యూటర్ను దుకాణమనుకో అబ్బా," అంది సిద్రా. "ప్రోగ్రాములు గిరాకులు. బయట లైన్ల నిలబడ్తరు. గల్లా మీద కూసున్నోడు కెర్నెల్. ఎవలేమడిగినా తీసిచ్చేది వాడే. గోదాము తాళం వాని దగ్గరనే, త్రాసు వాని చేతులనే."

"వాడు మూర్ఛపోతే?"

"దుకాణం బంద్. గిరాకులంత రోడ్డు మీద."

"గసొంటి జాగల ఎవర్ని కూసోపెడ్తున్నరు మరి?"

"యాభై ఏండ్ల సంది ఒక్క పాత భాషనే. మస్తు చురుకు. కానీ వాని చెయ్యి ఏ డబ్బాలకైనా పోతది. రాసిన అంకె చెరిపి ఇంకో అంకె రాస్తడు."

జహంగీర్‌కు అలాంటివాళ్లు ముగ్గురు తెలుసు. ఒకడు సొంత బావమరిది.

"నాది గట్ల కాదు," సిద్రా కుర్చీ ముందుకు జరుపుకుంది. "ఇది ఇస్తే అది ఇస్తది. ఇయ్యాల ఇచ్చినా, వచ్చే యేడు ఇచ్చినా అదే జవాబు. పక్కపని చెయ్యదు. రాసింది చెరపదు. మార్పు గావాలంటే కొత్త కాయితం రాస్తది, పాతది గట్లనే ఉంటది."

"చాయ్‌కి లేస్తదా?"

"లేవదు."

"మనోడు, పరాయోడు అని చూస్తదా?"

"దానికి ఫరక్ తెల్వదు."

"గసొంటోన్ని గల్లా మీద కూసోపెట్టి యాపారం చేసుడు కష్టం బిడ్డా," అన్నాడు జహంగీర్.

కష్టమే అయింది. సిద్రా తన భాషను కాంటా కంప్యూటరులో పెట్టిన మొదటి రోజు కాంటా మీదికి వచ్చిన లారీ జంగప్పది. జంగప్పకు పాలిషింగ్ యూనిట్ ఉంది. సరిహద్దు అవతలి ఊరు, కోపం వస్తే కన్నడంలోకి వెళ్లిపోతాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన బండలను ఈ కాంటాయే తూస్తోంది. లారీ నిలబడింది. తెర మీద అంకె రాలేదు. 'తూకం అవసరమైనప్పుడు తెలుపబడును' అని మాత్రం వచ్చింది.

"గిదేంది జహంగీర్ భాయ్? నీ కాంటా నాకు వాయిదా ఇస్తున్నది!"

సిద్రా గదిలోంచి బయటికి వచ్చింది. "అంకుల్, గీ భాషకు జర బద్ధకం. ఎవలకన్న నిజంగ అవసరం పడేదాక లెక్క చెయ్యదు. చేస్తనని రాసి పెట్టుకుంటది."

"నాకు అవసరం కాదా? లారీ మీద బండలున్నయి తల్లీ, బెలూన్లు కావు!"

"మీరు ఉత్తగ చూస్తున్నరు. చిట్టీ ప్రింటు కొడితేనే అవసరం పడ్డట్టు."

"గీ పద్ధతి నేను శానా ఆఫీసులల్ల చూసిన," అన్నాడు జంగప్ప. "కానీ గా ఆఫీసులోళ్లు దీన్ని కనిపెట్టినమని ఇంత ఖుషీగ చెప్పలె."

పదకొండు గంటలకల్లా యంత్రం పదహారు వేల వాయిదాలు రాసి పెట్టుకుంది. పదకొండుంబావుకు వాటిని పెట్టుకునే చోటు నిండిపోయింది. కెర్నెల్ మూర్ఛపోయింది. తెర నల్లబడింది, అడ్డగేటు పడింది, జంగప్ప రెండో లారీ కాంటా మీదే గంటా పది నిమిషాలు నిలబడింది. వెనక లైను యాలాల్ రోడ్డు దాకా పెరిగింది. జంగప్ప ఆ గంటలో ఎక్కువ భాగం కన్నడంలో గడిపాడు. సిద్రా వారం రోజులు కూర్చుని బద్ధకాన్ని మొత్తం ఊడబీకింది. కెర్నెల్‌లో వాయిదాలు నడవవని ఆమె అలా నేర్చుకుంది. వాయిదాలు నడవని చోటు కూడా లోకంలో ఒకటుందని జహంగీర్ అప్పుడే మొదటిసారి విన్నాడు.

తర్వాత చెత్త గొడవ వచ్చింది. ఏదీ చెరపకుండా ప్రతిదానికీ కొత్త కాగితం రాసే మనిషి చుట్టూ చిత్తుకాగితాలు పేరుకుంటాయి కదా. వాటిని ఊడ్చడానికి యంత్రం మధ్య మధ్య తొమ్మిది సెకన్లు పని ఆపేది. బండల లారీ కాంటా ఎక్కిన సమయంలోనే దానికి ఊడ్చుకోవాలని గుర్తుకొచ్చేది. చివరికి సిద్రా, కాంటా ఖాళీగా ఉన్నప్పుడే చీపురు పట్టాలని దానికి నేర్పింది. (ఈ నియమాన్ని మనుషులు నడిపే కార్యాలయాల్లో అమలు చేసే ఆలోచన మండలికి లేదు.)

మిగిలింది అసలు గొడవ. ఒకరోజు జంగప్ప క్లీనరు దిగడం మరిచిపోయి, ఖాళీ లారీతో పాటు తానూ తూగాడు. జంగప్ప వచ్చి ఆ అంకె కొట్టేయమన్నాడు.

"కొట్టేసుడు లేదంకుల్. మల్ల తూస్త. కొత్త చిట్టీ వస్తది."

"మరి పాతది?"

"అది గూడ ఉంటది."

"ఎన్ని రోజులు?"

"ఎన్ని రోజులైనా."

జంగప్ప జహంగీర్ వైపు తిరిగాడు. "మా అయ్య చేసిన తప్పులే ఇప్పుడు ఎవలకు యాదికి లేవు భాయ్. నా క్లీనర్‌గాని బరువు మాత్రం మనుమలు సదువుకోవాల్నా?"

రోజుకు నలభై బండ్లు వచ్చే కాంటాకు ఆ నెలలో పంతొమ్మిది వచ్చాయి. అవతలి నెల ఇరవై ఆరు. ఆ పై నెల నలభై ఆరు. జహంగీర్ ఇందులో వింతేమీ చూడలేదు. తన సరుకు తూచే కాంటాకు కాస్త సర్దుబాటు గుణం ఉండాలని ప్రతి వ్యాపారీ కోరుకుంటాడు. ఎదుటివాడి సరుకు తూచే కాంటాకు ఆ గుణం ఉండకూడదని కూడా అంతే గట్టిగా కోరుకుంటాడు. ప్రతి బేరంలోనూ ఎదుటివాడు ఒకడుంటాడు. కాబట్టి తూకం ఎక్కడంటే ఎవరో ఒకరు 'అంకె కదలని కాంటా' అనేవారు, రెండోవాడు కాదనలేకపోయేవాడు.

సరుకు మంచిది, గిరాకీ ఉంది. ఇక కావలసింది కాగితం. జహంగీర్ రైలెక్కి వికారాబాద్ వెళ్లాడు.

మండలి ఉపకార్యాలయం అక్కడ ఒక మేడ మీద ఉంది. ధ్రువపత్రం దరఖాస్తు అయిన ఫారం తొమ్మిది తీసుకునే సీటులో పద్మారాణి కూర్చుంటుంది. ఆమె ఫారం తిరగేసి, ఒక గడి దగ్గర పెన్ను ఆపింది. ఆ గడి పేరు 'యంత్రము చేయు పక్కపనుల వివరము.'

"ఇది ఖాళీ ఇడిసిపెట్టిన్రు."

"పక్కపనులు చెయ్యదు మేడం. గదే కదా మీరడిగింది."

"ఖాళీ ఉంటే వాపసొస్తది. లేవు అని ధ్రువీకరణ పెట్టుండ్రి."

"గది ఎవరిస్తరు?"

"మేమే. ఫారం పదకొండు."

"ఫారం పదకొండు ఇయ్యుండ్రి మరి."

"దానికి ఫారం తొమ్మిది పూర్తిగ నింపి ఉండాలె."

జహంగీర్ ఆమె ముఖం చూశాడు. హాస్యం కాదు. కాస్త జాలి కూడా ఉంది. "ఏదో ఒక పక్కపని రాయుండ్రి అన్నా," అందామె గొంతు తగ్గించి. "రెండు పేర్లు రాస్తే ఇయ్యాలనే పోతది ఫైలు."

జహంగీర్ 'చిట్టీ ముద్రించుట, గేటు ఎత్తుట' అని రాశాడు. ఫైలు కదిలింది. తనిఖీ జనవరి ఇరవై ఏడున పెట్టారు. గడువుకు నాలుగు రోజుల ముందు.

ఇరవై ఏడు ఉదయం మండలి జీపు తాండూరు వచ్చింది. అందులో డ్రైవరు, ఉప అంతరంగ తనిఖీ అధికారి కిష్టప్ప ఉన్నారు. కిష్టప్ప నిండైన మనిషి, నవ్వు ముఖం, ఎవరినీ నొప్పించే రకం కాదు. ముందుగా కంప్యూటరు పెట్టె మూత విప్పించి, టార్చి వేసి లోపలికి చూశాడు.

"కెర్నెల్ ఎక్కడ బిడ్డా?"

"కనబడదు సార్. గది ప్రోగ్రాము."

"కనబడనిదానికి నేనెట్ల సంతకం పెడ్త?"

"మీరు నడిపి చూడుండ్రి సార్. ఒకే బరువుకు ఒకే జవాబు రావాలె. గదే పరీక్ష."

కిష్టప్ప చాలాసేపు చూసి, 'అంతరంగము పరిశీలించబడినది, దుమ్ము లేదు' అని రాసుకున్నాడు. తర్వాత నియమం పంతొమ్మిది తీశాడు. దాని ప్రకారం ఒకే వాహనాన్ని ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచాలి. రెండు అంకెలూ ఒకటే కావాలి. తేడా వస్తే చివరి అవకాశంగా మూడోసారి తూచాలి. అది కూడా ఉదయపు అంకెతో కలవకపోతే యంత్రం అబద్ధం చెప్పినట్టు. అక్కడికక్కడే సీలు.

డ్రైవరూ కిష్టప్పా కూర్చుని ఉండగా జీపు కాంటా ఎక్కింది. పద్దెనిమిది వందల పది కిలోలు. యంత్రం రాసుకుంది. రాసుకున్నది ఆ క్షణమే మండలికి చేరిపోయింది.

మధ్యాహ్నం జహంగీర్ భార్య అష్రఫున్నీసా ఇంటి నుంచి బిర్యానీ పంపింది. (దాని ప్రభావాన్ని లెక్కలోకి తీసుకోలేదు. కాంటా పది కిలోల లోపు తేడాలను పట్టించుకోదు.) భోజనమయ్యాక కిష్టప్ప మార్కెట్ చూస్తానన్నాడు. తాండూరు దాకా వచ్చి కందిపప్పు లేకుండా ఇంటికి వెళ్లిన ఉద్యోగి ఆ రాత్రి ఇంట్లో ఏం జవాబు చెప్పుకుంటాడో ఏ సర్వీసు నిబంధనల్లోనూ లేదు. యాభై కిలోల మూట వచ్చింది.

"పైసలు తీస్కోకుంటే నేను తీస్కోను భాయ్," అన్నాడు కిష్టప్ప.

"మీ దగ్గర పైసలా సార్? ఊకోండ్రి," అన్నాడు జహంగీర్.

కిష్టప్ప తన మాట నాలుగుసార్లు అన్నాడు, నాలుగుసార్లూ గట్టిగానే అన్నాడు. అన్న ప్రతిసారీ డ్రైవరు మూటను జీపులోకి ఇంకో జానెడు జరిపాడు. ఇంతలో జంగప్ప, సారు ఇంటి వెనక బట్టలుతికే చోటుకు పనికొస్తుందని, అంచులు గుండ్రంగా తీసిన ఒక బండను పంపాడు. అది నలభై కిలోలు. మూట పక్కన చక్కగా అమరింది.

మూడూ నలభైకి జీపు రెండోసారి కాంటా ఎక్కింది. డ్రైవరు ఉన్నాడు, కిష్టప్ప ఉన్నాడు. తెర మీద పంతొమ్మిది వందలు వచ్చింది.

ఆ అంకె కూడా అప్పటికే మండలికి వెళ్లిపోయింది.

"తేడా వచ్చింది," అన్నాడు కిష్టప్ప. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "ఒకే బండికి రెండు బరువులు."

"ఒకే బండి కాదు సార్," అంది సిద్రా. "అండ్ల మూట ఉన్నది. బండ ఉన్నది."

"ఏ మూట?"

ఆ ప్రశ్నకు జవాబు జీపులో యాభై కిలోల పసుప్పచ్చ సంచిగా కనబడుతూనే ఉంది. జహంగీర్ ఆకాశం వైపు చూశాడు. డ్రైవరు టైర్ల వైపు చూశాడు. జంగప్ప ఫోను తీసి, రాని కాల్ మాట్లాడాడు. మూట దింపమని కిష్టప్ప చెప్పలేడు. చెబితే ప్రభుత్వ జీపులో మూట ఉందని ఒప్పుకున్నట్టు. దింపుతానని జహంగీర్ అనలేడు. అంటే తానే ఎక్కించానని ఒప్పుకున్నట్టు, పైగా ఇచ్చింది వెనక్కి తీసుకున్నట్టు. అంకె మార్చమని సిద్రాను అడగడానికి లేదు. ఆమె ఒప్పుకోదన్న సంగతి తర్వాతిది, ఆమెకు చేతనయ్యే పని కూడా కాదు. చేతకాకుండా చూడడానికే రెండేళ్లు కష్టపడింది.

"గీ అంకె జర..." అన్నాడు కిష్టప్ప, వాక్యం పూర్తి చేయకుండా.

"కాదు సార్."

"బిడ్డా, నీ యంత్రం మంచిదే. జర మనుషుల్ల కలిసేటట్టు నేర్పాలె."

"నేర్పొద్దనే గంత లోపల పెట్టిన సార్."

బయట కందుల లారీలు ఆరు నిలబడి ఉన్నాయి. కొడంగల్ నుంచి వచ్చినవి రెండు, మిగతావి దగ్గరి ఊళ్లవి. ఇంకో తూకంతో ఈ గేటు తొంభై రోజులు మూసుకుపోతుంది. అంతకన్నా జహంగీర్‌కు గుచ్చుకున్న సంగతేమిటంటే, ఆరోజు అందరి ముందూ నిజం చెప్పినందుకు ఆ యంత్రం అబద్ధాలకోరుగా రికార్డుకు ఎక్కుతుంది. దాని తయారీదారు గడిలో తన కూతురి పేరుంది.

ఆయన తల దించి కిష్టప్ప వైపు చూశాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి బండినీ కాంటా ఎక్కకముందే కళ్లతో తూచే మనిషి. ఇప్పుడు అదే చూపుతో అధికారిని చెప్పుల నుంచి టోపీ దాకా ఒకసారి, టోపీ నుంచి చెప్పుల దాకా ఒకసారి తూచాడు.

"సార్," అన్నాడు మెల్లగా, "పొద్దుగాల్నుంచి కూసొని కూసొని మీ నడుం పట్టేసి ఉంటది. జర దిగి చాయ్ తాగుండ్రి. బండిని డ్రైవరు ఎక్కిస్తడు."

కిష్టప్ప ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత సంచి వైపు, మొదటిసారి, చూశాడు. బండ వైపు చూశాడు. పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎంతుంటనంటవ్?"

"తొంభై సార్. చెప్పులతోని."

కిష్టప్ప దిగి చాయ్ తాగాడు. జీపు మూడోసారి కాంటా ఎక్కింది.

పద్దెనిమిది వందల పది.

డ్రైవరు చప్పట్లు కొట్టాడు. జంగప్ప కన్నడంలో దేవుణ్ని తలుచుకున్నాడు. కిష్టప్ప నివేదిక తీసి సంతకం పెట్టబోతే సిద్రా వేలు పెట్టి చూపించింది. అందులో 'పై తూకములలో వాహనమునందు డ్రైవరు, అధికారి ఉండిరి' అని అచ్చయి ఉంది.

"మూడోసారి మీరు లేరు కద సార్."

"అచ్చయినదాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు బిడ్డా," అని కిష్టప్ప సంతకం పెట్టాడు. కాంటా పక్క నుంచి నడిచి వెళ్లి, గేటు అవతల జీపెక్కాడు.

వ్యవహారం ఇక్కడితో ముగిసేది. కానీ ఉత్తర్వు ప్రకారం తయారీదారు ప్రకటన అని ఒక పేజీ ఉంటుంది. అది తనిఖీ మర్నాడు రిజిస్టరు పోస్టులో వెళ్లాలి. సిద్రా అది నింపి తండ్రికి ఇచ్చింది. జహంగీర్ పోస్టాఫీసుకు వెళ్లే దారిలో కవరు విప్పి చదివాడు. 'రెండో తూకములో అదనపు సరుకు తొంభై కిలోలు ఉన్నది. మూడో తూకములో అధికారి లేరు. ఆయన స్థానములో సమాన బరువు గల సరుకు ఉన్నందున ఫలితము మారలేదు. విలువ సమానమైనప్పుడు ఒకదాని బదులు మరొకటి ఉంచవచ్చుననుటయే ఈ భాష మూలసూత్రము.'

ఆయన వెనక్కి తిరిగి ఇంటికి వచ్చాడు.

"గిదెందుకు రాసినవ్ బిడ్డా?"

"అబ్బా, యంత్రం రాసింది చెరపొద్దంటున్న. నేను చూసింది దాస్తె ఎట్ల?"

"కాంటా బంద్ అయితది."

"తెలుసు." ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "గందుకే రాసి రెండు గంటలు ఇయ్యలె నీకు."

జహంగీర్ మళ్లీ పోస్టాఫీసు దారి పట్టాడు. నడుస్తూ లెక్క వేసుకున్నాడు. ఆ పేజీ చింపి వేరే పేజీ తను రాయిస్తే, ఎవరూ అడగరు. తొంభై రోజులు దక్కుతాయి. చింపకపోతే పోతాయి, కానీ మే నెలలో గేటు మళ్లీ లేస్తుంది. చింపిన సంగతి సిద్రాకు తెలిస్తే ఆమె మనసులో పడే గేటు ఎన్ని నెలలకు మళ్లీ లేస్తుందో ఆయన లెక్కకు అందలేదు. అందని లెక్క మీద వ్యాపారి డబ్బు పెట్టడు. కవరు అతికించి, రశీదు తీసుకుని వచ్చాడు.

ముప్పయ్యో తేదీ కాంటా గదిలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ముప్పై ఒకటి పొద్దున పద్మారాణి ఫోన్ చేసింది. వెంటనే రమ్మంది, ఎందుకో చెప్పలేదు. జహంగీర్ రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఎవరెవరికి ఏమని చెప్పాలో వరసగా అనుకుంటూ వికారాబాద్‌లో దిగాడు.

పద్మారాణి రెండు కాగితాలు ఇచ్చింది. ఒకటి ధ్రువపత్రం, గుండ్రటి ముద్రతో. రెండోది సర్క్యులర్. మండలి సాంకేతిక విభాగం తాండూరు తయారీదారు ప్రకటనను ఆసక్తితో చదివింది. తనిఖీలో అధికారి స్థానంలో సరుకు ఉంచినప్పటికీ ఫలితంలో ఎటువంటి మార్పూ రాలేదని గమనించింది. కావున ప్రయాణ భత్యాల పొదుపు దృష్ట్యా ఇకపై తనిఖీలకు అధికారులు వెళ్లనవసరం లేదని నిర్ణయించింది. వాహనం వెళితే చాలు.

"ఎవలకు కోపం రాలేదా మేడం?" అన్నాడు జహంగీర్.

"కోపమెందుకు? మూలసూత్రమని రాసిన్రు కద. మూలసూత్రం మీద మాకు అధికారం లేదు."

లోపలి గదిలో కిష్టప్ప కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఫైళ్లు లేవు. జహంగీర్ సలాం చేస్తే, లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"నిన్నటి సంది నాకు పని లేదు భాయ్. జీపుకు మాత్రం మస్తు పని ఉన్నది," అన్నాడు. అందులో నిష్ఠూరమేమీ లేదు. జీతం వేళకే వస్తుంది.

ఆ మూడు నెలల్లో జహంగీర్ కాంటా మీద కందుల లారీలు మునుపెన్నడూ లేనన్ని తూగాయి. జిల్లాలో మరో పదిహేడు కాంటాలు ధ్రువపత్రం పొందాయి. వాటిలో కెర్నెల్ ఏ భాషలో ఉందో అడగడానికి ఎవరూ వెళ్లలేదు. జీపు వెళ్లింది, రెండుసార్లు ఒకే అంకె తూగింది, తిరిగి వచ్చింది.

డిసెంబరులో సిద్రా యంత్రానికి పునరుద్ధరణ నోటీసు వచ్చింది. ఒక్క పేజీ. తేదీ, వేళ, నియమం పంతొమ్మిది, చివర ఒక సూచన ఉన్నాయి.

'వాహనము ఖాళీగా వచ్చును. అధికారి బరువునకు సమానమగు తొంభై కిలోల సరుకు యజమానియే సమకూర్చి, తనిఖీ అనంతరము వాహనమునందే ఉంచవలెను. కందిపప్పు అయినచో కొత్త పంటది కావలెను.'